రిచ్‌బరో, రికల్వర్ రోమన్ కోటలు ఒక్క రోజులో చూడాలంటే

ఇంగ్లండ్‌లో కోట చూడ్డానికి వెళ్తున్నామంటే మన మనసులో మెదిలేది విండ్సరో, డోవరో. రాజుగారి మంచం, ఇనుప కవచాలు, చెవిలో ఆడియో గైడు, చివర్లో కేకుల దుకాణం. కెంట్ తీరంలోని రోమన్ కోటలు అలా ఉండవు. కప్పు లేదు, గదులు లేవు. పచ్చగడ్డి మీద రాతి గోడలు, ఎప్పుడూ ఆగని గాలి. ఏమీ తెలుసుకోకుండా వెళ్తే ఇరవై నిమిషాల్లో చుట్టేసి "రాళ్ళే కదా, వీటికి టికెట్టా" అనుకుంటూ వచ్చేస్తారు. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు పక్కనుంటే ఆ మాట పైకే అనేస్తారు.

కాస్త సిద్ధమై వెళ్తే మాత్రం ఇవే రాళ్ళు సగం రోజు పట్టేస్తాయి. లండన్‌లోనో, ఆ చుట్టుపక్కలో ఉండేవాళ్ళు ఒక్క రోజులో రెండు కోటలు, రిచ్‌బరో, రికల్వర్, ఎలా చూడాలో రాస్తున్నాను. కారు లేకపోతే రిచ్‌బరో ఒక్కటే పెట్టుకోండి. అదైనా పూర్తి రోజుకి సరిపోతుంది.

ఇంట్లో ఉండగానే: సముద్రం ఎక్కడుండేదో చూసుకోండి

మొత్తం ప్రయాణంలో ముఖ్యమైన పని ఇది, కోటకి వెళ్ళకముందే చేయాల్సింది. ఫోన్‌లో మ్యాప్ తెరిచి కెంట్ ఈశాన్య మూలకి వెళ్ళండి. మార్గేట్, రామ్స్‌గేట్ ఉన్న ఆ ముక్కని ఇప్పటికీ థానెట్ దీవి అంటారు. కానీ చుట్టూ నీళ్ళు కనిపించవు. రోమన్ల కాలంలో అది నిజంగానే దీవి. దానికీ కెంట్‌కీ మధ్య వాంట్‌సమ్ అనే పాయ ఉండేది. ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చే ఓడలు ఆ పాయలో దూరి నేరుగా థేమ్స్ వైపు తేలేవి. దీవి చుట్టూ తిరిగి గాలికీ కెరటాలకీ ఎదురీదే బాధ తప్పేది.

ఆ పాయ దక్షిణపు నోటి దగ్గర రిచ్‌బరో, ఉత్తరపు నోటి దగ్గర రికల్వర్. రెండు కోటలూ ఒకే దారికి రెండు తలుపులు. తర్వాతి శతాబ్దాల్లో పాయ మేట వేసుకుపోయింది. మధ్యయుగాల్లో మఠాల వాళ్ళు గట్లు కట్టి ఆ నేలని పొలాలుగా మార్చుకున్నారు. అందుకే రిచ్‌బరో రేవు ఇవాళ సముద్రానికి సుమారు 4 కిలోమీటర్ల లోపల, బాడవ నేలల మధ్య ఉంది. రికల్వర్‌ది దీనికి తలకిందులు. కట్టినప్పుడు తీరానికి దూరంగా ఉన్న కోట అది. సముద్రం కోసుకుంటూ వచ్చి సగం మింగేసింది. ఒకచోట నీరు వెనక్కి పోయింది, ఇంకోచోట ముందుకొచ్చింది. రెండూ ఒకే రోజు చూడమని చెప్పడానికి అసలు కారణం ఇదే.

కృష్ణా జిల్లా వాళ్ళకి ఈ సంగతి వింతగా అనిపించదు. రెండో శతాబ్దంలో టాలెమీ అనే గ్రీకు పండితుడు రాసిన భూగోళ గ్రంథంలో కెంట్ ఊళ్ళ మధ్య రిచ్‌బరో పాత పేరు రుటూపియే కనిపిస్తుంది. అదే గ్రంథంలో కృష్ణా ముఖద్వారం దగ్గర కంటకోస్సిల అనే వర్తక రేవు పేరూ ఉంది. అది మన ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. ఇప్పుడు ఘంటసాలలో నిలబడినా సముద్రం కనిపించదు, రిచ్‌బరోలో నిలబడినా కనిపించదు.

టికెట్లు, రోజు

రిచ్‌బరో ఇంగ్లిష్ హెరిటేజ్ అనే, పాత కట్టడాల్ని చూసుకునే సంస్థ చేతిలో ఉంది. ప్రవేశానికి టికెట్ కొనాలి, వాళ్ళ సభ్యత్వం ఉంటే ఉచితం. నేషనల్ ట్రస్ట్ కార్డు ఇక్కడ పనిచేయదు. అది వేరే సంస్థ. ఈ రెండింటినీ కలిపేసుకుని గేటు దగ్గర వాదించే కుటుంబం ప్రతిచోటా ఒకటి కనిపిస్తుంది. ఏడాదిలో మరో మూడు నాలుగు చోట్లకి, ఉదాహరణకి స్టోన్‌హెంజ్, డోవర్ లాంటివాటికి, వెళ్ళే ఆలోచన ఉంటే సభ్యత్వమే లాభం. ఒక్కసారికే అయితే ఆన్‌లైన్‌లో ముందుగా కొనుక్కోండి.

చలికాలంలో తెరిచే రోజులు తగ్గిపోతాయి. బయల్దేరే ముందురోజు వెబ్‌సైట్‌లో వేళలు చూసుకోవడం మరిచిపోవద్దు. నా మాట వింటే ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్ళండి. వాన పడితే తలదాచుకోవడానికి మ్యూజియం గది తప్ప మరోచోటు లేదు. గొడుగు పెద్దగా పనికిరాదు, ఆ గాలికి తిరగబడిపోతుంది. టోపీ ఉన్న వాన కోటు తీసుకెళ్ళండి. జూన్‌లోనైనా పెద్దవాళ్ళకి ఒక స్వెటర్ సంచిలో ఉండాలి.

రికల్వర్‌కి టికెట్ లేదు, వేళల గొడవా లేదు. మ్యూజియం లాంటిదేమీ లేకుండా బయలుగా ఉన్న శిథిలం కాబట్టి వెలుతురు ఉన్నంతసేపూ తిరగొచ్చు. అందుకే ముందు రిచ్‌బరో, తర్వాత రికల్వర్. ఈ వరస తిప్పేస్తే రిచ్‌బరో మూసే వేళకి పరుగెత్తాల్సి వస్తుంది.

చేరుకోవడం

రైలులో అయితే శాండ్‌విచ్ స్టేషన్‌లో దిగాలి. సెయింట్ పాంక్రస్ నుంచి హైస్పీడ్ రైలు గంటన్నర పైనే తీసుకుంటుంది. దానికి అదనపు ఛార్జీ ఉంటుంది. తొందర లేకపోతే మామూలు రైళ్ళు చవక. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది పెద్దవాళ్ళు కలిసి వెళ్తే రద్దీ లేని వేళల్లో గ్రూప్‌సేవ్ కింద మూడో వంతు తగ్గుతుంది. అడక్కుండా ఎవరూ చెప్పరు, టికెట్ కొనేటప్పుడే ఎంచుకోవాలి.

స్టేషన్ నుంచి కోట దాదాపు 3 కిలోమీటర్లు. పాత ఊరు దాటి రిచ్‌బరో రోడ్డు పట్టుకుంటే నడిచి వెళ్ళొచ్చు. అది పల్లెదారి, అంతటా ఫుట్‌పాత్ ఉండదు. పిల్లల్ని లోపలి వైపు నడిపించండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఉంటే టాక్సీ ముందే మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి కూడా. శాండ్‌విచ్ చిన్న ఊరు, అప్పటికప్పుడు యాప్‌లో బండి దొరుకుతుందని నమ్ముకోవద్దు.

కారులో వెళ్ళేవాళ్ళకి ఒకే హెచ్చరిక. నావిగేషన్‌లో 'రిచ్‌బరో' అని మాత్రమే కొడితే పక్కనున్న పారిశ్రామిక వాడకి తీసుకుపోయే ప్రమాదం ఉంది. 'రిచ్‌బరో రోమన్ ఫోర్ట్' అని పూర్తిగా కొట్టండి.

రిచ్‌బరోలో ఏ వరసలో తిరగాలి

లోపలికి రాగానే గోడల వైపు పరుగెత్తకుండా ముందు మ్యూజియం చూడండి. చిన్నదే. పోయిన శతాబ్దపు 20లు, 30లలో ఇక్కడ జరిగిన తవ్వకాల్లో 50,000కి పైగా నాణేలు దొరికాయి. అందులో చాలా పెద్ద భాగం రోమ్ బ్రిటన్‌ని వదులుకోవడానికి ముందటి కొద్ది దశాబ్దాలవి. అంటే చివరి రోజుల్లో కూడా ఇక్కడ జీతాలు పంచుతున్నారు, సంత సాగుతోంది. అక్కడి పాలరాతి ముక్కల్ని కూడా బాగా చూసి పెట్టుకోండి, కాసేపట్లో వాటి పని పడుతుంది.

బయటికొచ్చాక కొయ్య ద్వారం ఎక్కండి. ఇది 2023లో కొత్తగా కట్టింది, పాతది కాదు. కానీ మొదటి ద్వారం నిలిచిన చోటే కట్టారు. క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి పంపిన సైన్యం, నాలుగు లీజియన్లు (రోమన్ సైన్యంలో పెద్ద దళాలు), మొత్తం సుమారు 40,000 మంది, బ్రిటన్‌ని ఆక్రమించడానికి వచ్చినప్పుడు ఇక్కడ రేవు చుట్టూ కందకాలు తవ్వుకుని పాగా వేసింది. సైన్యంలో ఎంత భాగం సరిగ్గా ఇక్కడ దిగిందన్నదాని మీద పండితుల మధ్య వాదన ఉంది. కందకాలు మాత్రం మీ కాళ్ళ దగ్గరే ఉన్నాయి. కొత్త కట్టడాలు శిథిలాల మధ్య పెట్టడం నాకు సాధారణంగా నచ్చదు, ఇక్కడ మాత్రం పనికొచ్చింది. పైకెక్కితే మొత్తం స్థలం మ్యాప్ పరిచినట్టు తెలిసిపోతుంది. తూర్పుకి తిరిగి ఆ చదును పొలాలన్నీ నీళ్ళుగా ఊహించుకోండి. అదే వాంట్‌సమ్.

తర్వాత మధ్యలో ఉన్న శిలువ ఆకారపు దిమ్మె దగ్గరికి రండి. చాలామంది దీన్ని ఏదో వేదిక అనుకుని దాటిపోతారు. నన్నడిగితే రిచ్‌బరోలో అతి ముఖ్యమైన చోటు ఇదే. క్రీ.శ. 85 ప్రాంతంలో దీని మీద నాలుగు వైపులా దారులున్న విజయతోరణం నిలబడింది. ఎత్తు సుమారు 25 మీటర్లు, అంటే ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంట్ అంత. పునాది భూమిలోకి 9 మీటర్ల దాకా దిగింది. పైనంతా ఇటలీలోని కరారా నుంచి ఓడల్లో తెచ్చిన పాలరాయి. ఓడ దిగినవాడు దీని కిందుగా నడిచి బ్రిటన్‌లోకి అడుగుపెట్టాలి. అక్కణ్ణుంచే కాంటర్‌బరీ మీదుగా లండన్ వెళ్ళే వాట్లింగ్ స్ట్రీట్ మొదలయ్యేది. దిమ్మె పక్కన నిలబడి తల పైకెత్తి ఆ ఎత్తుని ఊహించండి. పిల్లలకి చెప్పాలంటే ఇక్కడే చెప్పాలి.

దిమ్మె చుట్టూ గడ్డిలో మూడు వరసల లోతైన కందకాలు కనిపిస్తాయి. ఇవి తోరణంతో పాటు వచ్చినవి కావు. మూడో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి కాలం మారింది, సముద్రపు దొంగల భయం పెరిగింది. గర్వంగా నిలబెట్టిన తోరణాన్ని కావలి బురుజుగా మార్చి చుట్టూ కందకాలు తవ్వారు. ఇంకో పాతికేళ్ళకి అదీ చాల్లేదు. క్రీ.శ. 277, 285 మధ్య కందకాలు పూడ్చి, తోరణాన్ని పడగొట్టి, ఇప్పుడు కనిపిస్తున్న రాతి కోట కట్టారు. మ్యూజియంలో చూసిన పాలరాతి ముక్కలు ఆ తోరణానివే. దండెత్తి వచ్చిన సైనికుల కందకం, గెలిచినవాళ్ళ తోరణం, భయపడ్డవాళ్ళ కందకాలు, చివరికి కోట గోడ, అన్నీ ఈ ఒక్క స్థలంలోనే ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉన్నాయి. ఏ గీత ఏ కాలానిదో తెలియకపోతే అన్నీ గుంటల్లాగే కనిపిస్తాయి. బోర్డు మీద బొమ్మని నేలతో పోల్చి చూసుకోవడానికి ఇక్కడ పది నిమిషాలు ఆగండి.

ఇప్పుడు గోడలు. లోపలి నుంచి కాదు, ఉత్తరపు గోడ బయటి వైపుకి వెళ్ళి చూడండి. కొన్నిచోట్ల 8 మీటర్ల ఎత్తు ఉంది, మందం 3 మీటర్ల పైనే. రాతి వరసల మధ్య ఎర్రటి ఇటుక పట్టీలు అడ్డంగా పరుగెడుతుంటాయి. అవి అందానికి కాదు, గోడని కట్టిపడేయడానికి. అక్కడక్కడ చిన్న చదరపు బెజ్జాలు కనిపిస్తాయి, పరంజా కర్రలు దూర్చిన చోట్లు. కొంచెం దూరం జరిగి చూస్తే రాయి రంగు, వరసల తీరు ఒక్కోచోట మారిపోతుంది. ఒక జట్టు పని ముగిసి ఇంకో జట్టు పని మొదలైన అతుకు అది. మన మేస్త్రీలు ఒకే గోడని రెండు ముఠాలకి పంచిస్తే అతుకు ఎలా తెలిసిపోతుందో, ఇదీ అంతే. పైపొర చెక్కుడు రాళ్ళు చాలాచోట్ల తర్వాతి కాలం వాళ్ళు పీక్కుపోయారు. లోపలి చెకుముకి రాయి, సున్నం మిగిలాయి. ఈ గోడలో దొడ్డిదారి లాంటి చిన్న ద్వారం ఒకటుంది, దాన్ని వదలొద్దు.

నాలుగో గోడ ఏదని వెతుక్కుంటారు. తూర్పున అంచు దాకా వెళ్ళి కిందికి చూడండి. గోడ నేల జారి కింద పడిపోయింది. ఇప్పుడు అక్కడ స్టౌర్ నది మెలికలు తిరుగుతోంది, పక్కనే రైలు పట్టాలు. 2008లో ఇక్కడ తవ్వితే పడిపోయిన గోడతో పాటు రోమన్ల నాటి తీరపు నేల కూడా బయటపడింది. అంచుకి మరీ దగ్గరగా పోవద్దు, పిల్లల చెయ్యి పట్టుకోండి.

ఈ కోటలెందుకు కట్టారన్న సంగతికొస్తే, క్రీ.శ. 400 ప్రాంతపు ఒక రోమన్ అధికార పత్రంలో ఇలాంటివి 9 కోటల పేర్లు 'సాక్సన్ తీరం' కింద ఉన్నాయి. సాక్సన్ దొంగల కోసమే కట్టారని చాలా చోట్ల చదువుతారు. అది సగమే. 286లో కరౌసియస్ అనే నౌకాధిపతి రోమ్ మీద తిరగబడి బ్రిటన్‌ని తన రాజ్యంగా ప్రకటించుకున్నాడు. వీటిలో కొన్ని అతని కాలంలో రోమ్ సైన్యాన్నే ఆపడానికి పనికొచ్చి ఉండొచ్చు. సరుకు గిడ్డంగులుగా, పన్ను వసూలు రేవులుగా వాడారని అనేవాళ్ళూ ఉన్నారు. ఒక్క కారణంతో ఇంత సున్నం ఎవరూ ఖర్చుపెట్టరని నా అభిప్రాయం.

ఆంఫిథియేటర్ మరిచిపోవద్దు

కోట చూసి కారెక్కేసేవాళ్ళే ఎక్కువ. ఆంఫిథియేటర్ కొద్ది నిమిషాల నడక దూరంలో పొలం మధ్య ఉంది. చూడ్డానికి గడ్డి పెరిగిన పెద్ద గుంటే. కానీ సుమారు 5,000 మంది కూర్చునేవారు. 2021లో తవ్వినప్పుడు లోపలి గోడల మీద ఎరుపు, నీలం రంగులు దొరికాయి, బరిలోకి వదిలే ముందు జంతువుల్నో మనుషుల్నో ఉంచిన గదీ బయటపడింది. నాగార్జునసాగర్ పక్కన అనుపులో తిరిగి కట్టి పెట్టిన ఇక్ష్వాకుల నాటి రంగస్థలం చూసినవాళ్ళకి మెట్ల వరసలు ఎలా ఉండేవో ఊహించడం తేలిక. అదీ సుమారు మూడో శతాబ్దానిదే. అడుగున బురద ఉంటుంది, తెల్ల బూట్లు వద్దు.

భోజనం

పులిహోర, దద్ధోజనం, ఒక ఫ్లాస్కు టీ. అంతకంటే మంచి ఏర్పాటు లేదు. గోడకి ఆనుకుని కాకుండా గడ్డి మీద దుప్పటి పరుచుకోండి. వేడి భోజనమే కావాలంటే శాండ్‌విచ్ ఊళ్ళోకి వెళ్ళాలి. శాకాహారులకి ఎంపికలు తక్కువ.

రికల్వర్

రిచ్‌బరో నుంచి కారులో అరగంట. దారి పొడుగునా మీరు పోయేది ఒకప్పటి పాయ పక్కగా, కొంతచోట పాయ మీదుగానే. డిచ్‌లని పిలిచే కాలువలు తగులుతుంటాయి, నీళ్ళు పూర్తిగా వెళ్ళిపోలేదన్నమాట. దూరం నుంచే జంట గోపురాలు కనిపిస్తాయి. వాటిని చూసి రోమన్ కోట అనుకోవద్దు. అవి 12వ శతాబ్దపు చర్చివి. క్రీ.శ. 669లో కెంట్ రాజు ఎగ్బర్ట్ పాత రోమన్ కోట నేలని బస్సా అనే మతగురువుకి ఇచ్చాడు, అలా కోట మధ్యలో చర్చి వెలిసింది. 1809లో ఊరి వాళ్ళే దాన్ని కూలగొట్టేశారు. ఓడలకి దారి గుర్తుగా పనికొస్తాయని గోపురాల్ని మాత్రం ట్రినిటీ హౌస్, అంటే దీపస్తంభాలు చూసుకునే సంస్థ, కొని కాపాడింది.

కోట గోడ కోసం గోపురాల వెనక్కి, దక్షిణం వైపుకి నడవండి. ఇక్కడ ఎర్ర ఇటుక పట్టీలు లేవు, బురుజులు లేవు. కారణం, ఇది రిచ్‌బరో రాతి కోట కంటే పాతది, మూడో శతాబ్దం మొదట్లో కట్టింది. పొద్దున ఉత్తరపు గోడని చూసి వచ్చినవాళ్ళకి తేడా చప్పున తెలుస్తుంది. దక్షిణపు, తూర్పు గోడలు నడుస్తూ చూసి, ఉత్తరపు వైపు వచ్చేసరికి గోడ ఆగిపోయి సముద్రం మొదలవుతుంది. సగం కోట అటువైపే పోయింది.

1960లలో తవ్వినప్పుడు రోమన్ కట్టడాల పునాదుల్లో పసిపిల్లల ఎముకలు దొరికాయి. రాత్రిపూట ఇక్కడ పిల్లల ఏడుపు వినిపిస్తుందని ఆ చుట్టుపక్కల కథలు చెప్పుకుంటారు. చిన్నపిల్లలు వెంట ఉంటే ఈ సంగతి కారెక్కాక చెప్పండి.

పడమటి వైపు కొండ అంచులు ఇసుకతో చేసినట్టే ఉంటాయి, హఠాత్తుగా విరిగి పడతాయి. పైన అంచుకి వెళ్ళొద్దు, కింద నీడకని కూర్చోవద్దు. ఇంకొంచెం పడమరగా బెల్టింజ్ దగ్గర నీళ్ళు బాగా తగ్గినప్పుడు కోట్ల ఏళ్ళ నాటి సొరచేప పళ్ళు ఏరుకోవచ్చు, పిల్లలకి కోట కంటే అదే నచ్చుతుంది. ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోవాలి.

చేయకూడనివి

గోడలెక్కొద్దు. ఇటుక పెంకు ఒక్కటే కదా అని జేబులో వేసుకోవద్దు. ఇవి చట్టం కింద రక్షిత స్థలాలు. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడితే నేరం. డ్రోన్ ఎగరేయాలన్నా ముందు అడగాలి.

నచ్చితే తర్వాత ఎక్కడికి

గోడలు పూర్తిగా నాలుగు వైపులా నిలిచి ఉన్నవి చూడాలంటే హాంప్‌షైర్‌లోని పోర్ట్‌చెస్టర్. రైలు దిగి నడిచే దూరం, సముద్రం ఇప్పటికీ గోడని తాకుతుంది. కారు లేనివాళ్ళకి ససెక్స్‌లోని పెవెన్సీ కూడా తేలిక, స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే కోట. అది చదరంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. నార్ఫోక్ వైపు బంధువులుంటే బర్గ్ కాజిల్ చూడండి. టికెట్ లేదు, మనుషులూ పెద్దగా ఉండరు. కెంట్‌లోనే ఉన్న లింప్నె కోట గోడలు మాత్రం నేల జారి ముక్కలుగా వాలిపోయాయి. అవి ప్రైవేటు పొలంలో ఉన్నాయి కాబట్టి కాలిబాట మీంచే చూడాలి.